సాంకేతిక సందేహాలు: రోబో చేతిని పైథాన్‌తో నడపవచ్చా?

ఈ నెల అందిన ఉత్తరాలలో అయిదు, రోబోను ఏ ప్రోగ్రామింగ్ భాషతో నడపాలన్న ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. రైస్ మిల్లులలోను, జడ్చర్ల, చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీలలోను రోబోలతో పనిచేసేవారు, వాటి గురించి పాఠం చెప్పేవారు రాసిన ఉత్తరాలు కనుక, ఈసారి ఇతర ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను మెకట్రానిక్స్‌లో డిప్లొమా చేసి మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రికల్ పని చూస్తున్నాను. బియ్యం బస్తాలను వరుసలుగా పేర్చడానికి మా యజమాని గారు ఆరు కీళ్ల పాత రోబో ఒకటి కొన్నారు. దానికి కెమెరా తగిలించి, కన్వేయర్ మీద వంకరగా వచ్చే బస్తాలను కూడా పట్టుకునేలా చేయాలని నా ఆలోచన. నాకు పైథాన్ బాగా వచ్చు. కానీ రోబోను బిగించడానికి వచ్చిన ఇంజినీరు గారు "పైథాన్ స్లో, రోబోకు పనికిరాదు, ముందు సీ నేర్చుకో" అన్నారు. కంప్యూటర్లు ఇంత వేగంగా పనిచేస్తున్న రోజుల్లో కూడా ఇది నిజమేనా?
(ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: ఆయన ఇచ్చిన సలహాలో కొంత నిజం ఉంది, కానీ చెప్పిన కారణం సరైనది కాదు. ఇక్కడ అసలు సమస్య వేగం కాదు.

మీ మిల్లులోనే ఉన్న సార్టెక్స్ మిషన్ దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. గింజలు వాలుగా ఉన్న పళ్లెం మీదుగా జారి కెమెరా ముందు నుంచి పడుతుంటాయి. నల్లగింజ కనబడగానే, దానికి కొద్దిగా దిగువన ఉన్న గాలి నాజిల్ క్షణకాలం తెరుచుకుని ఆ ఒక్క గింజను పక్కకు ఊదేస్తుంది. గింజ సెకనుకు 3 మీటర్ల వేగంతో పడుతోందనుకుందాం. అంటే 1 మిల్లీసెకనులో 3 మిల్లీమీటర్లు దిగుతుంది. బియ్యపు గింజ పొడవు 6 మిల్లీమీటర్లు అనుకుంటే, నాజిల్ 2 మిల్లీసెకన్లు ఆలస్యంగా తెరుచుకున్నా నల్లగింజ దాటిపోయి, దాని వెనుక వస్తున్న మంచి గింజకు గాలి దెబ్బ తగులుతుంది. ముందుగా తెరుచుకున్నా జరిగే నష్టం అదే. ఆ యంత్రానికి కావలసింది తొందర కాదు, అదను. అదను తప్పిన తరువాత ఎంత మంచి విత్తనం చల్లినా పంట రాదని మన ఇళ్లలో పెద్దలు అంటారు కదా, రియల్ టైమ్ అనే మాటకు అంతకంటే దగ్గరి అర్థం నాకు తోచదు. సరైన జవాబే అయినా గడువు దాటి వస్తే అది తప్పు జవాబు కింద లెక్క.

ఇప్పుడు పైథాన్ సంగతికి వద్దాం. రోబో తదుపరి స్థానాన్ని లెక్కకట్టే ఒక లూప్‌ను, అంటే మళ్లీ మళ్లీ నడిచే కోడ్‌ను, మీరు పైథాన్‌లో రాశారనుకోండి. అది వెయ్యిసార్లలో తొమ్మిది వందల తొంభై తొమ్మిదిసార్లు అర మిల్లీసెకనులోనే ముగుస్తుంది. మిగిలిన ఆ ఒక్కసారి 20 మిల్లీసెకన్లు పట్టవచ్చు. సగటు చూసేవారికి ఇది చాలా వేగమైన ప్రోగ్రామ్‌గానే కనిపిస్తుంది. కానీ సెకనుకు 1 మీటరు వేగంతో కదులుతున్న రోబో మణికట్టు ఆ 20 మిల్లీసెకన్లలో 2 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. అంతసేపు కొత్త ఆదేశం అందని కంట్రోలర్ (రోబోను నడిపే కంప్యూటర్), తన తయారీని బట్టి, లోపం చూపించి అక్కడే ఆగిపోవచ్చు, లేదా పాత దిశలోనే కొంత దూరం సాగి, తరువాత ఒక్క కుదుపుతో సర్దుకోవచ్చు. కుదుపు పడిన ప్రతిసారీ గేర్‌బాక్స్‌ల మీద భారం పడుతుంది.

ఆ ఒక్కసారి అంత ఆలస్యం ఎందుకు అవుతుందంటే, దానికి కారణాలు పైథాన్ లోపల కొన్ని, బయట కొన్ని ఉన్నాయి. పైథాన్ తనకు అవసరం లేని జ్ఞాపకశక్తిని (కంప్యూటర్ మెమరీని) తానే ఊడ్చి శుభ్రం చేసుకుంటుంది, దానినే గార్బేజ్ కలెక్షన్ అంటారు, ఆ ఊడ్పు ఎప్పుడు మొదలవుతుందో మీ ప్రోగ్రామ్‌కు ముందుగా తెలియదు. అలాగే సాధారణ పైథాన్‌లో ఒక సమయంలో ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా సాగే పని వరుస) మాత్రమే పైథాన్ కోడ్‌ను నడపగలదు. మరొక థ్రెడ్ ఎడతెగకుండా లెక్కలు చేస్తుంటే, మీ థ్రెడ్ తన వంతు కోసం వేచి ఉండవలసిన వ్యవధి మామూలు అమరికలో 5 మిల్లీసెకన్లుగా ఉంటుంది. ఇక బయటి కారణం ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ టైమర్ మామూలుగా సుమారు 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి కొట్టుకుంటుంది కనుక, 1 మిల్లీసెకను ఆగమని చెప్పిన ప్రోగ్రామ్ ఎంతసేపటికి లేస్తుందో నమ్మకంగా చెప్పలేము. ఇవేవీ పైథాన్‌లోని లోపాలు కావు. రాసేవారికి సులువుగా ఉండాలన్నది ఆ భాష ఆశయం, గడువుకు హామీ ఇస్తానని అది ఎన్నడూ చెప్పలేదు.

అయితే, పైథాన్ వంటి పైస్థాయి భాషలు (మనిషి చదివి రాయడానికి సులువుగా ఉండేవి) రోబోకు పనికిరావనడం కూడా చరిత్రకు విరుద్ధం. 1961లో అమెరికాలోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో పనికి దిగిన యూనిమేట్ అనే తొలి పారిశ్రామిక రోబోకు భాష అంటూ లేదు, కదలవలసిన స్థానాలను అయస్కాంతపు డ్రమ్ము మీద నమోదు చేసేవారు. 1970ల చివరికి యూనిమేషన్ సంస్థ తన ప్యూమా రోబోలకు వాల్ అనే భాషను తెచ్చింది. ఇవాళ కూకా రోబోలకు కేఆర్‌ఎల్, ఏబీబీ రోబోలకు ర్యాపిడ్, ఫానుక్ రోబోలకు పాస్కల్ పోలికలున్న కారెల్, యూనివర్సల్ రోబోట్స్ వారికి పైథాన్‌ను తలపించే యూఆర్ స్క్రిప్ట్ ఉన్నాయి. ఇవన్నీ పైస్థాయి భాషలే, వీటిలో చాలావాటిని ఇంటర్‌ప్రెటరే, అంటే వాక్యం వెంట వాక్యం చదివి అమలు చేసే ప్రోగ్రామే, నడుపుతుంది. మరి వాటి ఆలస్యాలు రోబోను ఎందుకు కుదపవు? ఆ ఇంటర్‌ప్రెటర్ చేతి కదలికతో పాటు నడవదు, దాని కంటే ముందు నడుస్తుంది. ఉదాహరణకు కూకాలో ప్రోగ్రామ్, రోబో ప్రస్తుతం చేస్తున్న కదలిక కంటే మామూలుగా మూడు కదలికలు ముందే చదివి వరుసలో పెట్టి ఉంచుతుంది. ఆ వరుసలోంచి ఒక్కొక్కటే తీసుకుని, కొన్ని మిల్లీసెకన్లకొక చిన్న బిందువుగా విడగొట్టే పని కింది పొరది. ఆ బిందువును అందుకుని, మిల్లీసెకను లోపు మళ్లీ మళ్లీ తిరిగే పని చక్రంలో మోటారు స్థానాన్ని సరిచేసేది సర్వో డ్రైవ్. ఆ డ్రైవ్ లోపల విద్యుత్ ప్రవాహాన్ని సరిదిద్దే చక్రం సుమారు 60 నుంచి 125 మైక్రోసెకన్లలో తిరుగుతుంది, అక్కడ సీ ప్రోగ్రామ్‌లు, చిప్‌లోనే చెక్కిన తర్కం తప్ప మరొకటి నిలవదు. పై పొర అర సెకను ఆలోచించినా, వరుస ఖాళీ కానంత వరకు కింది పొరకు ఆ సంగతి తెలియనే తెలియదు.

కనుక మీరు చేయవలసింది భాష మార్చడం కాదు, మీ పనిని ఆ పొరల మధ్య సరిగా పంచడం. బస్తా ఎక్కడ ఉంది, ఎటు తిరిగి ఉంది, పేర్పులో దాని చోటు ఏది అన్న నిర్ణయాలు పైథాన్‌లో చేయండి. "ఈ స్థానానికి వెళ్లు, పట్టు, ఆ స్థానంలో దించు" అన్న పూర్తి ఆదేశాన్ని ఒక్కసారిగా రోబో కంట్రోలర్‌కు పంపండి. దారి పొడవునా బిందువులను మీరు పంపే ప్రయత్నం చేయకండి.

ఇక కెమెరా విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇటువంటి పనులలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఫొటో తీసి, బస్తా అంచులు గుర్తించి, కోణం లెక్కకట్టేసరికి ఒకసారి 80 మిల్లీసెకన్లు, మరొకసారి 150 పట్టవచ్చు. సెకనుకు 300 మిల్లీమీటర్లు నడిచే కన్వేయర్ మీద ఆ తేడా వల్లనే 21 మిల్లీమీటర్ల పొరపాటు వస్తుంది. దీనిని సరిదిద్దడానికి ఇంకా వేగమైన కంప్యూటర్ కొనవలసిన అవసరం లేదు. కన్వేయర్ రోలరుకు, అది ఎంత తిరిగిందో అంకెలలో చెప్పే ఎన్‌కోడర్ ఒకటి బిగించి, దాని తీగలను రోబో కంట్రోలర్‌కే కలపండి. ఫొటో తీసే సంకేతమే కెమెరాకూ కంట్రోలర్‌కూ ఒకేసారి వెళ్లేలా చేస్తే, ఆ క్షణంలో ఎన్‌కోడర్ చూపిన అంకెను కంట్రోలర్ పట్టి ఉంచుకుంటుంది. తరువాత మీ పైథాన్ తాపీగా లెక్కచేసి "ఆ ఫొటో తీసిన క్షణంలో బస్తా ఇక్కడ ఉంది" అని చెబితే చాలు. అప్పటి అంకెకూ ఇప్పటి అంకెకూ తేడా చూసుకుని, బస్తా ఎంత దూరం జరిగిందో కంట్రోలరే కలుపుకుంటుంది. చాలా కంపెనీల కంట్రోలర్లలో కన్వేయర్ ట్రాకింగ్ అనే పేరుతో ఈ సదుపాయం దొరుకుతుంది, పాత మోడళ్లలో దానికి విడిగా కార్డు, లైసెన్సు కావలసి రావచ్చు, ముందుగా విచారించండి. లెక్కకు 80 పట్టినా 150 పట్టినా ఇక తేడా రాదు, బస్తా రోబో అందుకునే మేర దాటకముందు జవాబు అందితే సరిపోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మీ ల్యాప్‌టాప్ మధ్యలో ఆగిపోతే ఏం జరగాలో కంట్రోలర్ వైపు ముందే రాసి పెట్టాలి. అర సెకనుకు ఒకసారి పైథాన్ నుంచి "ఉన్నాను" అన్న సంకేతం రావాలి. రెండు సంకేతాలు వరుసగా రాకపోతే, చేతిలో ఉన్న బస్తాను దించి, రోబో తన విశ్రాంతి స్థానానికి వెళ్లి నిలబడాలి.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజినీరును. మా వాళ్లు లినక్స్ మీద సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ప్రోగ్రామ్ ప్రతి 4 మిల్లీసెకన్లకు రోబోకు స్థానాలను పంపుతుంది. గంటల తరబడి బాగానే నడిచి, ఉన్నట్టుండి రోబో ఒక్క క్షణం తొట్రుపడుతుంది. పైథాన్ కాదు కదా, అయినా ఎందుకిలా?
(ఒక పాఠకుడు, జడ్చర్ల)

జవాబు: సీ ప్లస్ ప్లస్‌లో రాసినంత మాత్రాన ప్రోగ్రామ్ రియల్ టైమ్ అయిపోదు. ఇది నాకు అనుభవంలో తెలిసిన విషయం. కొన్నేళ్ల కిందట ఒక ప్యాకింగ్ లైనులో ఇటువంటి 4 మిల్లీసెకన్ల లూప్ రాసి ఇచ్చాను. పది పదిహేను నిమిషాలకు ఒకసారి రోబో మణికట్టు దగ్గర "టక్" మని చిన్న శబ్దం వచ్చేది. గేరు అరిగిందనుకుని అక్కడివారు గ్రీజు మార్చారు, బెల్టు బిగించారు, శబ్దం మాత్రం పోలేదు. చివరికి ప్రతి చక్రం మొదలైన సమయాన్ని ముందుగా కేటాయించిన ఒక పట్టికలో దాచి, సాయంత్రం గ్రాఫు గీసి చూశాను. 4 దగ్గర దారం లాగా సన్నని గీత, దాని మీద అక్కడక్కడ 28, 31, 27 దగ్గర ముళ్లలాగా నిలబడిన బిందువులు. ఆ ముళ్లు పడిన సమయాలూ, లాగ్ ఫైలు డిస్కుకు రాసిన సమయాలూ ఒకటే. ఆ లూప్ లోపల ఒక లాగ్ వాక్యం పెట్టింది నేనే. మామూలుగా అది తక్షణమే ముగుస్తుంది, డిస్కు పని తగిలినప్పుడు మాత్రం లూప్ మొత్తం దాని కోసం ఆగుతుంది. ఆ రాతపనిని వేరే థ్రెడ్‌కు అప్పగించిన తరువాత మణికట్టు శబ్దం ఆగిపోయింది.

మీరు కూడా ముందు ఇటువంటి గ్రాఫు గీయండి, భాషను అనుమానించడం తరువాత. ముళ్లు కనబడితే, లూప్ లోపల కొత్తగా జ్ఞాపకశక్తి అడిగే ప్రతి చోటునూ వెతకండి. స్ట్రింగ్‌లు కలపడం, వెక్టర్లు పెరగడం వంటివి చూడటానికి అమాయకంగా ఉంటాయి గానీ అవే అడుగుతాయి. కావలసినదంతా ప్రోగ్రామ్ మొదలైనప్పుడే తీసుకుని, అది డిస్కుకు మళ్లకుండా జ్ఞాపకశక్తిని కట్టివేయాలి, లినక్స్‌లో ఎమ్‌లాక్ఆల్ అనే పిలుపు దీనికే ఉంది. లూప్‌కు ఫైఫో ప్రాధాన్యం (మామూలు పనుల కంటే ముందు నడిచే హక్కు) ఇచ్చి, ప్రాసెసర్‌లోని ఒక కోర్‌ను దానికే వదిలివేయండి. బయోస్‌లో విద్యుత్ పొదుపు అమరికలను ఆపండి, ఎందుకంటే నిద్రపోయిన కోర్ లేవడానికి పట్టే సమయం కూడా మీ గడువులోంచే పోతుంది.

మీ కెర్నల్ (లినక్స్ మూల భాగం) సాధారణమైనదైతే దానిని మార్చండి. కెర్నల్‌ను గడువులకు తగినట్టు మలిచే ప్రీఎంప్ట్ ఆర్‌టీ మార్పులు చాలా ఏళ్లపాటు విడిగా అతికించుకోవలసిన ప్యాచ్‌గానే ఉండేవి. 2024లో వెలువడిన లినక్స్ 6.12తో అవి ప్రధాన కెర్నల్‌లోనే చేరాయి. దానిని అమర్చుకున్న తరువాత సైక్లిక్‌టెస్ట్ అనే పరికరంతో కొలవండి, అయితే కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు కాదు. డిస్కు, నెట్‌వర్క్, గ్రాఫిక్స్ అన్నింటి మీదా భారం వేసి రాత్రంతా నడిపి, ఉదయం వచ్చి గరిష్ఠ ఆలస్యం అంకె ఒక్కటే చూడండి. సగటు అంకెతో మీకు పని లేదు.

ఇవన్నీ సరిగా ఉన్నా తొట్రుపాటు పోకపోతే, లూప్ ఏదైనా తాళం (ఒక సమయంలో ఒక పనికే దారి ఇచ్చే మ్యూటెక్స్) కోసం వేచి ఉంటోందేమో చూడండి. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటర్ మళ్లీ మళ్లీ దానంతట అదే రీసెట్ కావడానికి కారణం ఇదే. తక్కువ ప్రాధాన్యం గల పని ఒక తాళాన్ని పట్టుకుని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యం గల పని వచ్చి దానిని ముందుకు కదలనివ్వలేదు. ఆ తాళం కోసం వేచి ఉన్న అత్యవసరమైన పని గడువు దాటిపోయింది. దానిలో నడుస్తున్నది విఎక్స్‌వర్క్స్ అనే అసలు సిసలు రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. తాళం పట్టుకున్న పనికి తాత్కాలికంగా ప్రాధాన్యం పెంచే అమరికను భూమి మీద నుంచే మార్పు పంపి ఆన్ చేయడంతో ఆ సమస్య తీరింది. మీ మ్యూటెక్స్‌లకు ఆ అమరిక ఉందో లేదో ఇవాళే చూడండి, పీథ్రెడ్ లైబ్రరీలో అది అడిగితే తప్ప రాదు.

ప్రశ్న: పైథాన్ 3.13లో, ఒక సమయంలో ఒకే థ్రెడ్‌ను నడవనిచ్చే తాళాన్ని తీసేశారు కదా, ఇక రోబోకు అడ్డేమిటి? రస్ట్ భాష నేర్చుకోవడం మంచిదా?
(ఇంజినీరింగ్ విద్యార్థిని, నల్లగొండ)

జవాబు: 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో తాళం లేని పైథాన్‌ను ప్రయోగాత్మకంగా, విడి రూపంలో ఇచ్చారు, మామూలుగా దింపుకునే దానిలో తాళం ఉంది. అది తొలగితే నాలుగు కోర్లు ఒకేసారి పనిచేస్తాయి, అంటే ఎక్కువ పని జరుగుతుంది. కానీ ఫలానా పని ఫలానా గడువులోగా ముగుస్తుందన్న హామీ అప్పుడు కూడా రాదు. రస్ట్ సంగతి వేరు. దానిలో గార్బేజ్ కలెక్షన్ లేదు, జ్ఞాపకశక్తి పొరపాట్లను చాలావరకు కంపైల్ చేసేటప్పుడే పట్టుకుంటుంది, కనుక కింది పొరలకు తగిన భాష. అయితే రోబో రంగంలో ఇప్పుడున్న లైబ్రరీలలో చాలా భాగం సీ ప్లస్ ప్లస్‌లో ఉన్నాయి. రోబోల కోసం వాడే రాస్ 2 అనే సాఫ్ట్‌వేర్‌లో మోటార్లను నడిపే కంట్రోల్ భాగం కూడా అంతే. ఉద్యోగం దృష్ట్యా ముందు సీ ప్లస్ ప్లస్, తరువాత రస్ట్ నేర్చుకోండమ్మా.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ఒక పాలిటెక్నిక్‌లో అధ్యాపకుడిని. మా ల్యాబ్‌లో రోబో లేదు, కొనే నిధులూ లేవు. గడువు అనే భావన పిల్లలకు ఎలా చూపించాలి? ఏ భాషలు ఏ వరుసలో నేర్పాలి?
(ఒక అధ్యాపకుడు, మహబూబ్‌నగర్)

జవాబు: రోబో లేకపోవడం ఈ పాఠానికి అడ్డంకి కాదండీ. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఒక డిజిటల్ ఆసిలోస్కోప్, కొన్ని వందల రూపాయలకు దొరికే రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు ఒకటి ఉంటే చాలు. ముందుగా మైక్రోపైథాన్‌లో, 1 మిల్లీసెకనుకు ఒకసారి ఒక పిన్నును వెలిగించి ఆర్పే ప్రోగ్రామ్ రాయించండి, దానితో పాటు లూప్ లోపల జాబితాలను సృష్టించి పారవేసే పని కూడా పెట్టించండి. ఆసిలోస్కోప్‌ను పాత గీతలు చెరగకుండా నిలిచే పర్సిస్టెన్స్ అమరికలో ఉంచి అయిదు నిమిషాలు ఆగండి. తెర మీద ఒక్క నిలువు గీతగా ఉండవలసిన అంచు పక్కలకు పాకి, పలుచని మరకలాగా మారుతుంది. ఆ మరక వెడల్పే జిట్టర్. అదే పనిని హార్డ్‌వేర్ టైమర్ వాడి సీలో రాయించి పక్కన చూపితే, అంచు కత్తితో గీసినట్టు నిలుస్తుంది. పిల్లలు ఈ రెండు తెరలను ఫొటో తీసి రికార్డు పుస్తకంలో అంటించి, వెడల్పును తామే కొలిచి రాయాలి. నేను ఎన్ని గంటలు బోర్డు మీద చెప్పినా అర్థం కానిది ఆ మరకను చూసిన వెంటనే అర్థమవుతుంది.

భాషల వరుస విషయంలో మన ప్రాంతపు ఉద్యోగాలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. జడ్చర్ల, కొత్తూరు, షాద్‌నగర్ వైపు చేరే మన పిల్లలలో ఎక్కువమందికి మొదటి రోజు ఎదురయ్యేది పీఎల్‌సీ, అంటే ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్. కనుక దాని భాషలలో ల్యాడర్‌తో పాటు స్ట్రక్చర్డ్ టెక్స్ట్ తప్పక నేర్పండి. 1993లో వెలువడిన ఐఈసీ 61131-3 ప్రమాణంలోనే అది ఉంది. పాస్కల్‌ను పోలిన ఈ పైస్థాయి భాష, నిర్ణీత చక్రంలో నడిచేలా, చక్రం గడువు దాటితే కాపలా టైమర్ పట్టుకునేలా ఏర్పాటైన వ్యవస్థలో పనిచేస్తుంది. పైస్థాయి భాష, గడువు రెండూ ఒకచోట ఇమడవన్న అపోహ దానితోనే తొలగిపోతుంది. కోడెసిస్ వంటి ఉచిత సాధనంలో యంత్రం లేకుండానే అభ్యాసం చేయవచ్చు. దాని తరువాత సీ, ఆ తరువాత పైథాన్ చెప్పండి. పైథాన్‌ను మొదట చెబితే పిల్లలు గడువును మరచిపోవడం అలవాటు చేసుకుంటారని నా అభిప్రాయం, దీనితో మీరు ఏకీభవించకపోవచ్చు.

ప్రశ్న: రోబో చుట్టూ ఉన్న కంచె తలుపు తెరిస్తే రోబో ఆగాలి. ఎమర్జెన్సీ స్టాప్‌ను కూడా కంప్యూటర్‌కు కలిపి పైథాన్‌తోనే ఆపితే తీగల ఖర్చు తగ్గుతుందని మా సూపర్‌వైజర్ అంటున్నారు. చేయవచ్చా?
(ఒక పాఠకుడు, చౌటుప్పల్)

జవాబు: చేయకూడదు. పైథాన్‌లోనే కాదు, సీలో రాసినా చేయకూడదు. ఎర్ర బటను, తలుపు స్విచ్చు రెండేసి విడి తీగలతో సేఫ్టీ రిలేకు (భద్రత కోసమే ఉండే విడి స్విచ్చు పరికరానికి), అక్కడి నుంచి రోబో కంట్రోలర్‌లో దీనికోసమే ఉన్న భద్రతా ఇన్‌పుట్‌లకు వెళ్లాలి. ఒక తీగ తెగినా, ఒక కాంటాక్టు అతుక్కుపోయినా రెండవది పట్టుకోవాలన్నదే రెండు తీగల ఉద్దేశం. కరెంటు పోయినప్పుడు కీళ్లలోని బ్రేకులు వాటంతట అవే పడతాయి, దానికి ఏ ప్రోగ్రామ్ అనుమతీ అక్కరలేదు. రోబోల భద్రతకు ఐఎస్ఓ 10218 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మనిషి కంచె లోపల ఉండి రోబోకు దారి నేర్పేటప్పుడు వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు మించకూడదని, చేతిలోని స్విచ్చును వదిలినా, భయంతో గట్టిగా నొక్కినా రోబో ఆగాలని అది చెబుతోంది. బటను నొక్కారన్న సమాచారాన్ని తెర మీద చూపడానికి, సమయం నమోదు చేయడానికి పైథాన్‌ను వాడుకోండి, ఆ తీగ విడిగా వేయండి.

ఇప్పటికే కంప్యూటర్ మీదుగా కలిపి ఉంటే, రిలే బిగించే వరకు ఆ కంచె లోపలికి ఎవరినీ పంపవద్దని మీ సూపర్‌వైజర్ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. బిగించిన తరువాత రెండు తీగలలో ఒక్కొక్కదానిని విడదీసి, రోబో ప్రతిసారీ ఆగుతోందో లేదో, తీగ తిరిగి కలిపినా రీసెట్ నొక్కే వరకు కదలకుండా ఉంటోందో లేదో చూసి, తేదీతో సహా రిజిస్టర్‌లో రాయండి.